పెద్దమ్మ పెట్టెలో దొరికిన మడత విసనకర్ర: దంతమా, ఎముకా? ఫ్రేమ్ కట్టించవచ్చా?

పాతపెట్టె:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి. ఈమధ్యే పోయిన మా పెద్దమ్మ సామాన్లు సర్దుతుంటే ఒక పొడవాటి సన్నటి అట్టపెట్టె దొరికింది, తెరిస్తే లోపల పట్టుగుడ్డలో చుట్టిన మడత విసనకర్ర. ఆవిడకి పాత వస్తువులు పోగేసే అలవాటు ఉండేది కానీ ఇది ఎప్పుడు ఎక్కడ కొన్నదో ఇంట్లో ఎవరికీ తెలీదు, అడుగుదామంటే ఇప్పుడు మనిషి లేదు.

చూడ్డానికి ఎలా ఉందంటే, అటూ ఇటూ ఉన్న లావు పుల్లలు రెండు వదిలేస్తే లోపల సన్నవి 14 ఉన్నాయి. తెలుపు, కాస్త పసుపు తిరిగింది. కింది సగమంతా జల్లెడలా చిల్లులు చెక్కి వాటి చుట్టూ బంగారు పూత. పైన కాగితం, దాని మీద తోటలో కూర్చున్న ముగ్గురు ఆడవాళ్లు, ఒక గొర్రె, ఆ గొర్రె మెడకి నీలం రిబ్బను (గొర్రె మొహం మాత్రం ఏదో అవమానం జరిగినట్టు ఉంది, అది చూసే నేను దీనితో ప్రేమలో పడ్డాను). వెనక వైపు పెద్దగా ఏమీ లేదు, ఒక చిన్న పూలగుత్తి. పుల్లలన్నీ కలిసే చోట మేకు, ఆ మేకుకి చిన్న లోహపు రింగు.

ఇవి దంతమా ఎముకా ప్లాస్టిక్కా అన్నది మొదటి అనుమానం. మా బావ సూది ఎర్రగా కాల్చి గుచ్చితే క్షణంలో తేలిపోతుందంటున్నాడు, ఇప్పటికి ఆపాను. రెండోది, పూర్తిగా విప్పి అద్దాల ఫ్రేములో బిగించి గోడకి పెట్టాలని ఉంది, పెట్టొచ్చా? మూడోది చెప్పడానికే సిగ్గుగా ఉంది. కాగితం ఒక మడత దగ్గర వేలెడంత చిరిగి ఉంటే సెల్లో టేపు వేశాను. వేశాక ఇక్కడి పాత పోస్టులు చదివాను. అప్పట్నుంచి టెన్షన్.

ఇంకో సందేహం కూడా, తెలివితక్కువగా అనిపిస్తే వదిలేయండి. గాలి విసురుకోడానికి తాటాకు ముక్క చాలు కదా. దీని మీద ఇంత పనితనం ఎందుకు పెట్టారు?

భూతద్దం:

ముందు బావగారి చేతిలో సూది లాక్కోండి. ఆ పరీక్ష పాత రోజుల్లో కొట్టువాళ్లు చేసేవాళ్లు, దాని గుర్తుగా ఎన్నో మంచి విసనకర్రల మీద నల్లటి చుక్క మిగిలింది. పైగా ఒకవేళ అది సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) అయితే, అందులో ఉండేది నైట్రోసెల్యులోజ్, కాల్చిన సూది తగిలితే భగ్గుమంటుంది. చుక్క కాదు, వస్తువే ఉండదు.

పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి సంపాదించి, పగటి వెలుతురులో లావు పుల్ల లోపలి వైపు, పూత లేని చోట చూడండి. ఎముక అయితే సన్నటి ముదురు గీతలు, చుక్కలు కనిపిస్తాయి, పెన్సిలు మొనతో అక్కడక్కడా గీకినట్టు. అవి బతికున్నప్పుడు రక్తం పారిన సన్నటి గొట్టాలు, వాటిలో మురికి చేరి నల్లబడతాయి. దంతంలో ఆ చుక్కలు ఉండవు. అడ్డంగా కోసిన ముఖం దొరికితే ఒకదాన్నొకటి కోసుకుంటూ వెళ్లే వంపు గీతల వల కనిపిస్తుంది, ఏనుగు దంతానికి అదే గుర్తు, కాకపోతే విసనకర్ర పుల్ల ఇంత పలచగా ఉంటే అది దొరకడం కష్టం. సెల్యులాయిడ్‌ని దంతంలా కనిపించేలా చారలు వేసి తయారుచేసేవాళ్లు, కానీ ఆ చారలు రూళ్ల పుస్తకంలో గీతల్లా మరీ బుద్ధిగా, సమానంగా ఉంటాయి. అనుమానం ఉంటే బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూడండి, కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడే, దాని తయారీలో కర్పూరం కలుపుతారు కాబట్టి.

నా అంచనా అడిగితే ఎముక. బంగారు పూత, చిల్లుల చెక్కుడు, తోటలో గొర్రెల కాపరి వేషం వేసిన ఆడవాళ్లు, మేకుకి రింగు, ఇవన్నీ కలిపితే 19వ శతాబ్దం మధ్యలో ఫ్రాన్సులో తయారైన రకం గుర్తొస్తుంది. బొమ్మ 18వ శతాబ్దపు పద్ధతిలో ఉందని వస్తువు కూడా అప్పటిదే అనుకోకండి, 1840, 50ల్లో ఆ పాత ఫ్యాషన్ మీద మోజు మళ్లీ వచ్చింది. ఆ రింగే మీకు మంచి ఆధారం, 18వ శతాబ్దపు విసనకర్రలకి మామూలుగా అది ఉండదు, రిబ్బను కట్టి చేతికి తగిలించుకునే అలవాటు ముదిరాక వచ్చింది.

అదే భూతద్దంతో గొర్రెని కూడా చూడండి. గీతలు గరుకు కాగితం మీద రంగు సుద్దతో రుద్దినట్టు చిన్న చిన్న రవ్వలుగా విడిపోతే అది లిథోగ్రాఫు, అంటే రాతి మీద గీసి అచ్చు వేసింది, పైన రంగులు చేత్తో వేసింది. కుంచె గీత అయితే అలా విడిపోదు.

ఒకవేళ నా అంచనా తప్పి దంతమే అని తేలితే, అమ్మాలనుకున్నా దేశం దాటించాలనుకున్నా ముందు చట్టం చూసుకోండి. ఆఫ్రికా ఏనుగు దంతం మీద అంతర్జాతీయ వ్యాపార నిషేధం 1989లో నిర్ణయమై 1990 నుంచి అమల్లోకి వచ్చింది. తాబేలు చిప్ప పుల్లలకీ ఇదే బాధ. పాతది కదా అన్న మాట అన్నిచోట్లా చెల్లదు.

సూటిమాట:

మీ నాలుగో ప్రశ్నకి జవాబు చాలా సింపుల్. డబ్బున్నోళ్ల షో. గాలికీ దానికీ సంబంధం లేదు. ఇప్పుడు చేతిలో ఖరీదైన ఫోన్ ఎలాగో అప్పుడు విసనకర్ర అలాగ. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ 1592 ప్రాంతంలో వేయించుకున్న నిలువెత్తు చిత్రంలో చేతిలో మడత విసనకర్ర పట్టుకుని ఉంటుంది, అది అప్పటికి యూరప్‌లో కొత్త వస్తువు, ఆవిడకి చెమట పట్టి పట్టుకోలేదు కదా.

నాలుగోమెట్టు:

షో అనేసి ఊరుకుంటే ఎలా. విసనకర్రతో మాట్లాడుకునేవాళ్లట, కుడి చెంపకి ఆనిస్తే అవును, ఎడమ చెంపకి ఆనిస్తే కాదు, అలాంటి భాషే ఉండేదని చదివాను. ఎంత రొమాంటిక్!

మడతపేచీ:

@నాలుగోమెట్టు, మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నందుకు క్షమించాలి. ఆ భాషలో చాలా భాగం అమ్మకాల కరపత్రం. పారిస్‌లో 1827లో మొదలైన దువెల్‌రాయ్ అనే విసనకర్రల సంస్థ 19వ శతాబ్దంలో ఆ సంకేతాల పట్టిక అచ్చు వేసి పంచింది, అది చేతులు మారీ మారీ ఇప్పుడు ప్రాచీన సంప్రదాయం అయి కూర్చుంది. ఆలోచించండి, హాలులో ఉన్న అందరికీ తెలిసిన రహస్య భాషతో రహస్యం ఏం చెప్పుకుంటారు? అవతలివాడు చెంప దురదపెట్టి గోక్కున్నా పెళ్లి కుదిరిపోతుంది.

@సూటిమాట, మీది సగం నిజం. షో ఉంది. కానీ షో కోసమే అయితే బంగారు కడ్డీ పట్టుకు తిరిగినా సరిపోయేది. విసనకర్రలో నాకు నచ్చేది ఏంటంటే అది ఒక యంత్రం, మడిచే యంత్రం. జానెడు వెడల్పు లేని కట్టలోంచి ఒక బొమ్మ మొత్తం విచ్చుకోవాలి, మళ్లీ అదే గాడిలో పడుకోవాలి, ఆ పని వేలసార్లు చేయాలి. పుల్ల వెంట్రుకవాసి మందం ఎక్కువైతే, 14 పుల్లల దగ్గర 14 వెంట్రుకలు కలిసి, మూసినప్పుడు కట్ట బిగుసుకుపోతుంది. తక్కువైతే లొడలొడ. ఖర్చంతా అక్కడుంది, బంగారం పూతలో కాదు.

పైగా ఇది ఒక్కరి పని ఎప్పుడూ కాదు. ఫ్రాన్సులో పుల్లలు కోసి చెక్కేది పారిస్‌కి ఉత్తరాన వాజ్ ప్రాంతపు పల్లెల్లో, మేరూ అనే ఊరు దానికి కేంద్రం, ముత్యపు చిప్ప, ఎముక, దంతం, కొమ్ము అన్నీ అక్కడివాళ్ల చేతుల్లోకే వెళ్లేవి, ఇప్పుడక్కడ ఆ పని మీద మ్యూజియం కూడా ఉంది. ఒకరు కోస్తారు, ఒకరు చిల్లులు వేస్తారు, ఒకరు మెరుగు పెడతారు, ఇంకొకరు బంగారు రేకు అతికిస్తారు. ఆ పుల్లలు పారిస్ చేరాక బొమ్మ వేసేవాళ్లు వేరు, మడతపెట్టి అతికించేవాళ్లు వేరు. ముత్యపు చిప్ప పుల్ల ఎప్పుడైనా దొరికితే వెలుతురుకి అడ్డంగా పట్టి చూడండి, ఒక్కోసారి మెరుపు మధ్యలో దిశ మార్చుకుంటుంది. చిప్ప అంత పొడవు ఉండదు కాబట్టి రెండు మూడు ముక్కలు ఏటవాలుగా కోసి అతికించారన్నమాట. ఆ అతుకు కనపడకుండా చేసినవాడి పేరు మనకి తెలీదు, పైన బొమ్మ వేసినవాడు మాత్రం, అదీ 19వ శతాబ్దానికి వచ్చాక, మూలలో సంతకం పెట్టుకున్నాడు.

1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛని రద్దు చేసినప్పుడు ఈ పనివాళ్లలో చాలామంది లండన్ పారిపోయారు. అక్కడ 1709లో రాణి ఆన్ చేతుల మీదుగా విసనకర్రలవాళ్ల సంఘానికి రాజశాసనం వచ్చింది, ఆ సంఘం ఇప్పటికీ ఉంది. చేతిలోని పనితనం తప్ప ఇంకేమీ మూటకట్టుకుని వెళ్లలేని మనుషులు పాతికేళ్లలో సంఘంగా నిలబడ్డారంటే అది ఒట్టి షో సరుకు అనలేం కదా.

మడత దగ్గరికి వస్తే, ఫ్రెంచి పద్ధతిలో ముందే మడతలు పెట్టిన దళసరి అట్టలు రెండు ఉంటాయి, వాటి మధ్య కాగితమో పలచటి తోలో పెట్టి మొత్తం కలిపి మూసేస్తారు, తీసేసరికి మడతలు పడి ఉంటాయి. జపాన్ పద్ధతి ఇంకా తమాషా, అసలు మడత విసనకర్ర పుట్టిందే అక్కడ, యూరప్‌కి అది సముద్రం మీద 16వ శతాబ్దంలో వచ్చింది. క్యోటోలో పలచటి కాగితాలు పొరలుగా అతికించి, మడతలు పెట్టి, మధ్య పొరలో సన్నటి పుల్లతో దారులు చేస్తారు. తర్వాత పనివాడు ఆ మడతల కట్టని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదుతాడు, దారులు తెరుచుకుంటాయి, ఆ క్షణంలో జిగురు రాసిన వెదురు పుల్లలు అన్నీ ఒకేసారి దూర్చేస్తాడు. గాలి విసిరే వస్తువు తయారయ్యేది కూడా గాలి ఊది! పుల్లలన్నీ కలిసే మేకుని వాళ్లు కనామె అంటారు, ఏ విషయంలోనైనా అసలు కీలకం అని చెప్పాలన్నా వాళ్లకి అదే మాట. ఇక చైనాలో హాంగ్‌జౌ నల్ల కాగితం విసనకర్రలైతే పర్సిమన్ కాయల రసం పూసి తయారుచేస్తారు, ఎండకీ వానకీ తట్టుకుంటాయని వాటికి పేరు.

ఇంత రాశాక గుర్తొచ్చింది, పాత కేటలాగుల్లో 'చికెన్ స్కిన్' అని కనిపిస్తే కంగారు పడకండి. కోడికీ దానికీ సంబంధం లేదు, మేకపిల్ల, గొర్రెపిల్ల తోలుని అంత పలచగా చేస్తే వచ్చే సరుకు.

సూటిమాట:

సరే, మాస్టారూ, వెంట్రుక లెక్క దగ్గర ఒప్పుకున్నా. చెంప గోక్కోవడం దగ్గర నవ్వు ఆగలేదు.

కాగితంవైద్యం:

ఫ్రేము, టేపు సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తాను. పాత పుస్తకాలు, కాగితాలు బాగుచేయడం నా పని, విసనకర్రలు అప్పుడప్పుడూ వస్తాయి.

పాతపెట్టె గారూ, టేపు మీరు పీకకండి. అదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఇప్పుడు పీకితే రంగు, కాగితం పై పొర దానితోపాటే లేచి వస్తాయి, ఆ రవ్వల లిథోగ్రాఫు రంగులు మరీను. అలాగని ఏళ్లు వదిలేసినా మంచిది కాదు, దాని బంక కాగితంలోకి దిగి పసుపు మరక అవుతుంది, ఒక దశ దాటాక ఆ మరక మాకూ లొంగదు. హెయిర్ డ్రయ్యరు, నూనె, స్పిరిటు, ఇంటర్నెట్‌లో చూసిన చిట్కా ఏదీ వద్దు. కాగితం పరిరక్షణ తెలిసినవాళ్ల దగ్గరికి ఈ నెలలోనే తీసుకెళ్లండి. వాళ్లు టేపు తీసి, వెనక నుంచి జపాన్ కాగితం సన్నటి పట్టీ పిండి జిగురుతో వేస్తారు. మళ్లీ ఎప్పుడైనా తీయాలన్నా తడి చేస్తే వచ్చేస్తుంది, దాని గొప్పతనం అదే. అప్పటిదాకా ఆ మడత విప్పకండి.

ఇక ఫ్రేము. విషయం ఏంటంటే మడత విసనకర్ర బల్లపరుపు వస్తువు కాదు. విప్పినా మడతలు అలలా లేచే ఉంటాయి, ఒక్కో పుల్ల పక్కదాని మీద ఎక్కి కూర్చుంటుంది కాబట్టి ఒక చివర కంటే ఇంకో చివర ఎత్తు. దాన్ని అద్దంతో అదిమి బిగించారంటే ఆ బరువంతా మడతల శిఖరాల మీద పడుతుంది, కాగితం తెగేది కచ్చితంగా అక్కడే. పెట్టాలంటే లోతున్న పెట్టె ఫ్రేము, లోపల ఏటవాలు ఆధారం, అద్దం దేనికీ తగలకూడదు. వెలుతురు మసకగా ఉండాలి, మ్యూజియంలు కాగితానికీ పట్టుకీ 50 లక్స్ దగ్గర ఆగిపోతాయి, అంటే మొదట గదిలోకి వెళ్లగానే చీకటేంటిరా అనిపించే వెలుతురు.

నేను చేసిన నిర్వాకం కూడా చెప్పుకోవాలి. పని నేర్చుకుంటున్న కొత్తలో నాకు నల్ల పట్టు విసనకర్ర ఒకటి వచ్చింది, చమ్కీలు కుట్టి, 1890ల నాటిది, అబ్బో అనిపించేది. బాగుందని విప్పి గోడకి పెట్టుకున్నాను, కిటికీకి ఎదురుగా కూడా కాదు, పక్కన. రెండేళ్లయ్యాక దుమ్ము దులుపుదామని దించితే అద్దం అడుగున నల్లటి నలుసులు, మిరియాల పొడి చల్లినట్టు. పట్టు మడత మడతకీ నిలువునా చీలి ఉంది, చమ్కీలు వాటి బరువుకే కిందికి జారాయి. ఆ కాలంలో పట్టు బరువు పెంచడానికి తగరం లవణాలు ఎక్కించేవాళ్లు, బరువుగా, దర్జాగా జారుతుందని. ఆ లవణాలే దాన్ని లోపల్నుంచి తింటాయి, వెలుతురు తోడైతే ఇంకా వేగం. దానికి మందు లేదు, ఆ నలుసులు ఒక కవర్లో దాచుకున్నాను, ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

మీది కాగితం కాబట్టి అంత ఘోరం జరగదు. అయినా నా సలహా, మూసి, ఆమ్లం లేని టిష్యూలో చుట్టి, పెట్టెలో ఉంచండి. పట్టుగుడ్డ, ఆ పాత అట్టపెట్టె పారేయకండి, పెట్టె లోపల కొట్టువాడి చీటీ ఏమైనా అంటించి ఉందేమో చూశారా? చూడాలనిపించినప్పుడు బల్ల మీద మెత్తటి గుడ్డ పరిచి, దాని మీద ఉంచి ఒక్కో పుల్లా వేలితో జరుపుతూ విప్పండి, సినిమాల్లోలా టప్‌మని విదిలించడం లేదు. ఎక్కడైనా బిగుసుకుంటే అక్కడ ఆగిపోవాలి. ఇంట్లో సెల్యులాయిడ్ విసనకర్ర ఇంకోటి ఉంటే మాత్రం దీనితో కలిపి పెట్టకండి, అది పాతబడే కొద్దీ ఆమ్లపు ఆవిర్లు వదులుతుంది, పక్కనున్న లోహాన్నీ కాగితాన్నీ పాడుచేస్తుంది.

పాతపెట్టె:

అందరికీ పేరుపేరునా థాంక్స్. భూతద్దం తెప్పించి నిన్న మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఎముకే. లావు పుల్ల లోపలి వైపు పెన్సిలు గీతలు మీరు చెప్పినట్టే ఉన్నాయి, ఒకసారి కనిపించాక ఇక అవి తప్ప ఇంకేమీ కనపడలేదు. గొర్రె మొహం రవ్వలు రవ్వలుగా విడిపోయింది, కానీ నీలం రిబ్బను మాత్రం కుంచె, రంగు గీత దాటి గడ్డి మీదికి పోయింది. ఎవరో గబగబా వేసినట్టున్నారు. నాకెందుకో దంతం కాదని తేలినప్పుడు నిరాశ కంటే హాయి ఎక్కువ అనిపించింది.

ఇంకో విషయం చూశాను. ఎడమ నుంచి తొమ్మిదో పుల్ల, బొమ్మ మొదలయ్యే చోటికి కొంచెం కింద, ఒకప్పుడు విరిగింది. వెనక గోరంత పలచటి తెల్లటి రేకు ఒకటి పెట్టి, దారంతో నాలుగు చుట్లు చుట్టి, పైన ఏదో పూసి సరిచేశారు. ముందు నుంచి చూస్తే తెలీదు. ఇది తయారుచేసినప్పటిది కాదు కదా? దీన్ని కూడా విప్పి కొత్తగా చేయించాలా?

పెట్టె మూత లోపల చీటీ ఉండిన గుర్తు ఉంది, చీటీ లేదు.

భూతద్దం:

తర్వాతదే. వాడకంలో విరిగితే ఎవరో బాగుచేయించుకున్నారు, అంటే ఇది గోడకి వేలాడింది కాదు, చేతిలో తిరిగింది. కదలకుండా గట్టిగా ఉంటే ముట్టుకోకండి. ఫోటో పెట్టండి, ముఖ్యంగా ఆ దారం చుట్లు.

పనిలో పనిగా ఇంకోటి చూడండి. కాగితం మీద ఇప్పటి మడతల పక్కనే ఇంకో జత పాత మడత గీతలు లీలగా ఏమైనా ఉన్నాయా? ఉంటే ఆ బొమ్మ వేరే పుల్లల మీదినుంచి తీసి దీనికి అతికించారని అర్థం, ఇలాంటి అతుకు జోడీలు బజార్లో బోలెడు.

పాతపెట్టె:

చూశాను, ఒకే జత మడతలు. పుల్లల కొసలు కూడా సరిగ్గా కాగితం అంచు దగ్గరే ఆగాయి.

ఫోటో రేపు పెడతాను, దారం ఫోన్‌లో సరిగ్గా పడట్లేదు. టేపు ముట్టుకోలేదు. కాగితం బాగుచేసేవాళ్లతో మాట్లాడాను, వచ్చే వారం రమ్మన్నారు. బావ మాత్రం ఎముక అని ఎలా నమ్ముతావు, ఒక్కసారి సూది పెట్టి చూద్దాం అని ఇంకా అంటూనే ఉన్నాడు, పెట్టె నా బీరువాలో పెట్టి తాళం వేశాను.